ఆకు పసరైనా సీసా మందైనా: బట్టతల దగ్గర హార్మోను లెక్క

సా పామెట్టో అనే పేరు ఇప్పుడు శ్రీకాకుళం మందుల షాపుల్లో కూడా వినబడుతోంది. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో, ముఖ్యంగా ఫ్లోరిడాలో పెరిగే పొట్టి తాటిజాతి మొక్క అది. దాని పండ్ల సారం బట్టతల తెచ్చే మగ హార్మోనును ఆపుతుందని నూనె సీసాల మీద, షాంపూల మీద, మాత్రల డబ్బాల మీద రాస్తున్నారు. అందులో ఏ పదార్థం ఆపుతుందయ్యా అంటే, కొవ్వు ఆమ్లాలు, అందులోనూ లారిక్, ఓలియిక్ ఆమ్లాలు అని చెబుతారు.

తమాషా ఏమిటంటే మన కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి వైపు, పుట్టిన నెలలోనే పిల్లల మాడు మీద కొబ్బరినూనె పెట్టడం మొదలవుతుంది, ముసలితనం దాకా ఆగదు. లారిక్ ఆమ్లం నెత్తికి రాస్తే చాలు బట్టతల రాదన్నమాటే నిజమైతే ఉద్దానంలో దువ్వెన అవసరం లేని మనిషి ఉండకూడదు. సోంపేట బస్టాండులో పావుగంట నిలబడితే ఆ సంగతి తేలిపోతుంది.

అంతమాత్రాన సా పామెట్టో దండగ అని తేల్చేయడానికి లేదు. గాజు గొట్టంలో ఒక ఎంజైమును అడ్డుకోవడం ఒక ఎత్తు, నెత్తికి రాసినది చర్మం దాటి కుదురు దాకా చేరడం ఇంకో ఎత్తు, చేరినది సరిపడా మోతాదులో రోజూ ఉండడం మూడో ఎత్తు. ఈ మూడూ దాటిన తర్వాతే వెంట్రుక సంగతి. మూలికల నూనెలు ఎక్కువగా మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. ఇంగ్లీషు మందుల దగ్గర వచ్చే తంటా వేరు. అవి మూడు మెట్లూ ఎక్కుతాయి, వాడేవాళ్ళే మోతాదు మించి నాలుగో మెట్టు ఎక్కించి రక్తంలోకి తోస్తారు.

హార్మోను చేసే పని

వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టిరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేస్ అనే ఎంజైము డీహెచ్‌టీ అనే ఇంకో మగ హార్మోనుగా మారుస్తుంది. ఈ ఎంజైములో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. మొదటి రకం ఎక్కువగా చర్మంలోని జిడ్డు గ్రంథుల్లో ఉంటుంది, జుట్టు కుదుళ్ళలో పెత్తనం రెండో రకానిది. తండ్రి వైపు నుంచో తల్లి వైపు నుంచో బట్టతల లక్షణం వచ్చినవాళ్ళకి కణతల దగ్గర, నడినెత్తి మీద ఉన్న కుదుళ్ళు డీహెచ్‌టీని ఓర్చుకోలేవు. ఒక్కో వెంట్రుక మామూలుగా రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది. ఆ కాలం కుదించుకుపోయి, ప్రతి కొత్త వెంట్రుకా ముందుదానికన్నా సన్నగా, పొట్టిగా వచ్చి, చివరికి నూగులా మిగులుతుంది. మెడ వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్ళకి ఈ బాధ లేదు. అందుకే బట్టతల వచ్చినవాడికి కూడా అక్కడ జుట్టు నిలబడుతుంది.

ఇది ఊహ కాదు. జేమ్స్ హామిల్టన్ 1942లో చూపించింది ఇదే: యుక్తవయసుకు ముందే వృషణాలు పోయినవాళ్ళకి బట్టతల రాలేదు, వాళ్ళలో కుటుంబంలో బట్టతల ఉన్నవాళ్ళకి టెస్టోస్టిరాన్ ఇస్తే వచ్చింది. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే ఈ ఎంజైము లోపించిన కుటుంబాల గురించి బయటపడింది. వాళ్ళలో పెద్దయిన మగవాళ్ళకి నుదురు వెనక్కి జరగదు, ప్రోస్టేట్ కూడా చిన్నగానే ఉండిపోతుంది. ఈ ఎంజైమును ఆపే ఫినాస్టరైడ్ మందు ఆలోచన పుట్టింది అక్కడే. అమెరికాలో 1992లో ప్రోస్టేట్ వాపుకి 5 మి.గ్రా. మాత్రగా, 1997లో బట్టతలకి 1 మి.గ్రా. మాత్రగా అనుమతి వచ్చింది.

ముందు ఊడుతున్నది ఏ జుట్టో చూడాలి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చెన్నై, హైదరాబాదు, గల్ఫ్ పనులకు పోయిన కుర్రాళ్ళ ఇళ్ళలో ఒకటే మాట: అక్కడి నీళ్ళు పడలేదు, జుట్టంతా పోయింది. ఉప్పునీరు, బోరునీరు వెంట్రుకను గరుగ్గా, పెళుసుగా చేస్తాయి, మధ్యలో విరుగుతుంది కూడా. కుదురును మాత్రం అవి చంపవు. అసలు సంగతేమిటంటే కుర్రాడు ఊరు దాటే వయసూ, బట్టతల మొదలయ్యే వయసూ ఒకటే, ఇరవై దాటాక. ఊళ్ళో ఉన్నా అది వచ్చేదే, కాకపోతే నిందపడ్డానికి చెన్నై నీళ్ళు దొరకవు.

ఇంకో రకం కూడా ఉంది. టైఫాయిడ్, డెంగీ, మలేరియా జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి, కాన్పు తర్వాత, ఉన్నట్టుండి బరువు తగ్గినప్పుడు తల నిండా ఒకేలా గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడుతుంది. దీనికి డీహెచ్‌టీతో సంబంధం లేదు. కారణం పోతే చాలామందిలో ఆరు నెలల్లో తనంత తానే నిలబడుతుంది. సరిగ్గా ఆ ఆరు నెలల్లో ఏ నూనె రాస్తే ఆ నూనెకి పేరొస్తుంది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ మూలికల పేరు చెప్పి సంతల్లో అమ్మే నూనెలకి వచ్చిన ఖ్యాతిలో సగం ఇలా వచ్చినదే అయ్యుంటుంది.

రూపాయి బిళ్ళంత గుండ్రంగా నున్నగా పోతే అది పేనుకొరుకుడు. అది శరీరంలోని రక్షణ వ్యవస్థ తన కుదుళ్ళ మీద తానే తిరగబడడం వల్ల వచ్చేది. ఉల్లిపాయ రసంతో జుట్టు వచ్చిందని అందరూ చెప్పుకునే 2002 నాటి పరిశోధన ఈ పేనుకొరుకుడు మీద జరిగింది, బట్టతల మీద కాదు. పైగా పేనుకొరుకుడు చాలాసార్లు మందు లేకుండానే నయమవుతుంది. దానికి గురివింద గింజ నూరి రాయడం, నల్లజీడి రసం పూయడం లాంటివి మాత్రం మానుకోవాలి. గురివిందలో ఉన్నది ప్రాణాంతకమైన విషం, నల్లజీడి చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. పుండు మానిన మచ్చ మీద జుట్టు ఇంక ఎప్పటికీ రాదు.

దువ్వెనలో వచ్చిన వెంట్రుక చివర తెల్లటి గింజలాంటిది కనబడితే వేరుతో సహా ఊడిందని హడలిపోతారు. కుదురు చర్మంలోనే ఉంటుంది. ఆ తెల్లటిది కాలం తీరిన వెంట్రుకకి ఉండే మామూలు బుడిపె. రోజుకి వంద దాకా ఇలా రాలడం సహజం. చూడాల్సింది నడినెత్తి పాపిడి దగ్గర: లావు వెంట్రుకల మధ్య సన్నవి, పొట్టివి కలిసిపోయి ఉంటే, మెడ వెనక మాత్రం అన్నీ ఒకే లావులో ఉంటే అది హార్మోను పనే. హార్మోను ఆపే మందు, ఆకుదైనా సీసాదైనా, పనికొచ్చేది ఈ ఒక్క రకానికే.

నెత్తికి రాసే ఫినాస్టరైడ్: చుక్కల లెక్క

ఫినాస్టరైడ్ మాత్ర రక్తంలో డీహెచ్‌టీని మూడింట రెండొంతుల దాకా తగ్గిస్తుంది. మందుకు అనుమతి ఇచ్చిన నాటి పరీక్షల్లో కోరిక తగ్గడం, అంగస్తంభన లోపం వంటి ఇబ్బందులు మాత్ర వేసుకున్నవాళ్ళలో 3.8 శాతం మందికి, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 2.1 శాతం మందికి వచ్చాయి. సంఖ్య చిన్నదే, భయం పెద్దది. ఆ భయంలోంచే నెత్తికి రాసే రూపం వచ్చింది. కుదురు దగ్గర పని చేయాలి, ఒంట్లోకి తక్కువ పోవాలి అన్నది దాని ఉద్దేశం.

ఉద్దేశం కొంతవరకు నెరవేరింది. 2022లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో 0.25 శాతం స్ప్రేని 24 వారాలు వాడారు. గుర్తుపెట్టిన చోట వెంట్రుకల సంఖ్య స్ప్రేతో సగటున 20.2 పెరిగింది, ఉత్తి ద్రవంతో 6.7, మాత్రతో 21.1. రక్తంలో డీహెచ్‌టీ స్ప్రే వాడినవాళ్ళకి 34.5 శాతం, మాత్ర వేసుకున్నవాళ్ళకి 55.6 శాతం తగ్గింది. అంటే జుట్టు దగ్గర ఇంచుమించు సమానం, రక్తంలో తేడా కనబడింది. కానీ రక్తంలోకి అసలు పోదని అనుకోవడం తప్పు.

అసలు కీలకం అంతకుముందు 2016లో వచ్చిన మోతాదుల పరీక్షలో ఉంది. 0.25 శాతం ద్రావణాన్ని రోజుకి 100, 200, 300, 400 మైక్రోలీటర్ల చొప్పున రాసి చూశారు. మాడులో డీహెచ్‌టీ తగ్గుదల మోతాదుతో పాటు పెరగలేదు: 47, 52, 37, 54 శాతం. రక్తంలో మాత్రం మొదటి రెండు మోతాదులకీ 25 శాతం దగ్గర ఉన్నది, తర్వాతి రెండిటికీ 44, 48 శాతానికి ఎగబాకింది. ఎక్కువ రాస్తే నెత్తికి ఒరిగిందేమీ లేదు, ఒంటికి మాత్రం ఎక్కింది.

ఇప్పుడు మన మందుల షాపులో దొరికే సీసా తీసుకుందాం. మన దగ్గర ఎక్కువగా అమ్మేది మినాక్సిడిల్ అనే ఇంకో జుట్టు మందు 5 శాతం ద్రావణంలో 0.1 శాతం ఫినాస్టరైడ్ కలిపినది. 0.1 శాతమంటే మి.లీ.కి 1 మి.గ్రా. మినాక్సిడిల్ అలవాటు ప్రకారం పొద్దున 1 మి.లీ., రాత్రి 1 మి.లీ. రాస్తే రోజుకి చర్మం మీద పడే ఫినాస్టరైడ్ 2 మి.గ్రా. పైన చెప్పిన పరీక్షలో 200 మైక్రోలీటర్లలో ఉన్నది అర మి.గ్రా. మాత్రమే. ద్రావణాలు వేరు, చర్మంలోకి దిగే వేగం వేరు కాబట్టి రెండిటినీ నేరుగా సరిచూడలేం. అయినా మాత్ర అంటే భయపడి సీసా కొన్నవాడు మాత్రకన్నా రెట్టింపు బరువు మందు రోజూ నెత్తిన పోసుకుంటున్నాడన్న సంగతి తెలియాలి. ఫినాస్టరైడ్ కలిసినది రోజుకి ఒక్కసారి, రెండోసారి ఉత్తి మినాక్సిడిల్ అనే పద్ధతి గురించి చర్మవైద్యుణ్ణి అడగడం మంచిది. ఇది డాక్టరు చీటీ మీద తీసుకోవాల్సిన మందు. ఆర్‌ఎంపీ చెప్పాడనో పక్కింటి కుర్రాడు వాడుతున్నాడనో కొనేది కాదు.

జాగ్రత్తలు కూడా మాత్రకి ఉన్నవే. కడుపుతో ఉన్న స్త్రీ చర్మానికి ఇది తగలకూడదు, కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే జననాంగాలు సరిగా ఏర్పడకపోవచ్చు. రాసినవాళ్ళు చేతులు సబ్బుతో కడగాలి, ఆరని తలని ఆమె వాడే దిండు మీద పెట్టకూడదు. ప్రోస్టేట్ రక్తపరీక్ష పీఎస్‌ఏ విలువను ఫినాస్టరైడ్ దాదాపు సగానికి తగ్గించి చూపిస్తుంది. యాభై దాటినవాళ్ళు ఆ పరీక్షకు ముందు ఈ మందు సంగతి చెప్పాలి. రక్తదానం దగ్గర కూడా అంతే. మనసు కుంగడం, ఆత్మహత్య ఆలోచనలు ఫినాస్టరైడ్ మాత్ర వల్ల రావచ్చని ఐరోపా మందుల సంస్థ 2025లో నిర్ధారించింది. అదే ఏడాది అమెరికా మందుల సంస్థ షాపుల్లో కలిపి ఇచ్చే పూత ఫినాస్టరైడ్ గురించి హెచ్చరిక ఇచ్చింది. 2019 నుంచి 2024 మధ్య దానికి అందిన ఫిర్యాదులు 32.

మినాక్సిడిల్‌ని చాలామంది హార్మోను మందు అనుకుంటారు. అది డీహెచ్‌టీ జోలికి పోదు. చర్మంలో సల్ఫేటు రూపంలోకి మారి, కుదురు విశ్రాంతిలోంచి పెరుగుదలలోకి త్వరగా వచ్చేలా చేస్తుంది. అలా మార్చే ఎంజైము తక్కువ ఉన్నవాళ్ళకి ఎంత రాసినా అంతంతమాత్రమే. ఒకటి కుదురును తొక్కిపెట్టే బరువు తీస్తుంది, ఇంకొకటి కుదురును లేపుతుంది. అందుకే రెండూ కలిపి ఇస్తారు.

మూలికల దగ్గర ఎంత నిజం

సా పామెట్టో మీద మగవాళ్ళలో జరిగిన పరీక్షల్లో చెప్పుకోదగ్గది 2012 నాటిది. 100 మంది, రెండేళ్ళు, రోజుకి 320 మి.గ్రా. సారం ఒక జట్టుకి, ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. ఇంకో జట్టుకి. మెరుగు కనబడింది సా పామెట్టోతో 38 శాతం మందికి, ఫినాస్టరైడ్‌తో 68 శాతం మందికి. ఉత్తి మాత్ర జట్టు ఇందులో లేదు కాబట్టి ఆ 38లో ఎంత నిజమో విడదీయలేం. అదే సారాన్ని ప్రోస్టేట్ వాపుకి అమెరికాలో రెండుసార్లు గట్టిగా పరీక్షించారు, 2006లోనూ 2011లోనూ. రెండోసారి మూడు రెట్ల మోతాదు, 960 మి.గ్రా. దాకా పెంచారు. ఉత్తి మాత్రకన్నా మేలు కనబడలేదు. హార్మోనును గట్టిగా ఆపే పదార్థమైతే ప్రోస్టేట్ దగ్గర అంత మౌనంగా ఉండదు. ఇవన్నీ మింగే మాత్రల సంగతి. కడిగేసే షాంపూలో కలిపిన సారం రెండు నిమిషాల్లో కుదురు దాకా దిగి ఎంజైమును ఆపుతుందనడానికి ఆధారం లేదు.

గుమ్మడిగింజల నూనె కథ ఇంకాస్త ఆశగా ఉంటుంది. 2014లో కొరియాలో 76 మంది మగవాళ్ళ మీద, రోజుకి 400 మి.గ్రా., 24 వారాలు. వెంట్రుకల సంఖ్య 40 శాతం పెరిగింది, ఉత్తి మాత్ర జట్టులో 10 శాతం. ఒక్కటే చిక్కు, ఆ మాత్రలో గుమ్మడిగింజల నూనెతో పాటు వేరే మూలికలూ ఉన్నాయి. అది కడుపులోకి తీసుకున్నదే, నెత్తికి రాసింది కాదు. గుమ్మం మీద దిష్టికి కట్టేది, వడియాలు పెట్టేది బూడిద గుమ్మడి. దాని గింజలకీ ఈ పరీక్షకీ సంబంధం లేదు. మన దప్పళంలో వేసే తీపి గుమ్మడి కూడా అదే కుటుంబంలో దగ్గరి చుట్టమే తప్ప అచ్చంగా ఆ జాతి కాదు.

రోజ్‌మేరీ నూనె మినాక్సిడిల్‌తో సమానమని ఇన్‌స్టాగ్రామ్‌లో ఊదరగొట్టడానికి మూలం 2015 నాటి ఒక పరీక్ష. 100 మంది, ఆరు నెలలు. పోల్చింది 2 శాతం మినాక్సిడిల్‌తో, మగవాళ్ళకి మామూలుగా ఇచ్చే 5 శాతంతో కాదు. రెండు జట్ల పెరుగుదలా స్వల్పమే: సగటు లెక్క రోజ్‌మేరీ జట్టులో 122.8 నుంచి 129.6కి, మినాక్సిడిల్ జట్టులో 138.4 నుంచి 140.7కి. ఇద్దరు బలహీనులు కుస్తీ పట్టి సమానమైతే ఇద్దరూ పహిల్వాన్లు అయిపోరు. అయినా వాడి చూద్దామనుకుంటే 30 మి.లీ. కొబ్బరినూనెకి 6 నుంచి 12 చుక్కలు మించకూడదు. నేరుగా రాస్తే మాడు మండి పొక్కుతుంది.

ఇక మన గుంటగలగర. నాగావళి, వంశధార కాలువ గట్ల మీద, వరిమళ్ళ తడిలో దండిగా పెరుగుతుంది. తెల్లటి చిన్న పూలు, గరుకు కాడ. ఆకును వేళ్ళతో నలిపితే పచ్చటి పసరు కొద్ది నిమిషాల్లో నల్లబడుతుంది. పసుపు పూలు పూసేది వేరే మొక్క. గట్టు మీద కోసేముందు ఆ మడికి కలుపుమందో పురుగుమందో ఎప్పుడు కొట్టారో రైతును అడగాలి. గుంటగలగరతో జుట్టు పెరిగిందని 2008, 2009ల్లో వచ్చిన పరిశోధనలు ఎలుకల మీద జరిగినవి. ఎలుకకి డీహెచ్‌టీ వల్ల బట్టతల రాదు. గొరిగిన ఎలుక వీపు మీద వెంట్రుక రెండు మూడు రోజుల ముందు మొలిచిందంటే పెరుగుదల దశ త్వరగా మొదలైందని అర్థం, హార్మోను ఆగిందని కాదు. ఆ గుణం మినాక్సిడిల్ కోవలోది. సీసా మీద మాత్రం హార్మోను ఆపుతుందని రాస్తున్నారు.

ఈ నూనె ఇంట్లో కాచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అది ఎక్కడ చెడుతుందో చెప్పడం అవసరం. ఆయుర్వేదంలో లెక్క ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్ళు, పసరు లేదా కషాయం పదహారు పాళ్ళు. 50 గ్రాముల ఆకు ముద్దకి 200 మి.లీ. నూనె, 800 మి.లీ. పసరు అన్నమాట. నువ్వుల నూనెతోనో కొబ్బరినూనెతోనో సన్నసెగ మీద కాయాలి. రెండు రోజులు విడతలుగా కాచినా తప్పులేదు. అడుగున ఉన్న ముద్దను కొంచెం తీసి వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా సాగాలి. ఆ వత్తిని మంటలో పెడితే చిటపట శబ్దం రాకూడదు. నూనె మీద నురగ లేస్తుంది. అప్పుడు దించి, వేడి మీదే బట్టలో వడకట్టి, చుక్క తడి లేని గాజుసీసాలో పోయాలి. చిటపట వినబడుతుండగానే దించితే లోపల నీరు మిగిలి పది పదిహేను రోజుల్లో ముక్కవాసన వేస్తుంది, బూజు పడుతుంది. ముద్ద నల్లగా గట్టిపడేదాకా ఉంచితే మాడిన నూనె మిగులుతుంది. ఎంత పచ్చగా ఉంటే అంత బలమని అనుకుంటారు గానీ ఆ రంగు ఆకుల్లోని పత్రహరితానిదే.

ఇంత కష్టపడి కాచిన నూనె దేనికి పనికొస్తుంది? కొబ్బరినూనె వెంట్రుక కాడలోకి ఇంకి, తలంటేటప్పుడు మాంసకృత్తులు కొట్టుకుపోకుండా కాపాడుతుందని 2003లో మన దేశపు శాస్త్రవేత్తలే చూపించారు. వెంట్రుక మధ్యలో విరగడం తగ్గుతుంది, దువ్వెనలో వచ్చేది తగ్గుతుంది. అది నిజమైన మేలే. కుదురులో జరిగే హార్మోను పనికి, కాడ మీద జరిగే ఈ పనికి మధ్య తేడా చెప్పకుండా అమ్మడంలోనే మోసమంతా ఉంది.

మూలికకి దుష్ఫలితాలు ఉండవు అన్న మాట కూడా ఇక్కడే తేలిపోవాలి. ఒక ఆకు నిజంగా డీహెచ్‌టీని ఆపేటట్టయితే కడుపుతో ఉన్నామెకి, పిల్లలు కావాలనుకునే మగవాడికి ఫినాస్టరైడ్ దగ్గర చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. ఆ జాగ్రత్తలేవీ అక్కర్లేదంటే అది ఆపడం లేదన్నమాట. ఆపుతుంది, కానీ ఏమీ చేయదు అని ఒకే సీసా మీద రాసి ఉంటే రెండు వాక్యాల్లో ఒకటి అబద్ధం. మన మందుల చట్టం కింద 1945లో వచ్చిన నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒకటి ఉంది. నయం చేస్తామని చెప్పుకోకూడని జబ్బుల పట్టిక అది, అందులో బట్టతల ఉంది. గ్యారంటీ అని అరిచే సంత మైకుకి ఆ సంగతి తెలియకపోవచ్చు, కొనేవాళ్ళకి తెలిస్తే చాలు.

ఉద్దానం వాళ్ళకి ఇంకో మాట. మూత్రపిండాల జబ్బు ఇంటింటా ఉన్న ప్రాంతం కాబట్టి, ఏముందో రాయని చూర్ణాలు, భస్మాలు జుట్టు కోసమని మింగడం ప్రమాదం. క్రియాటినిన్ ఇప్పటికే పెరిగినవాళ్ళు మినాక్సిడిల్ పూత గురించి కూడా కిడ్నీ డాక్టరుకి చెప్పాలి. రక్తంలోకి ఎక్కిన మినాక్సిడిల్ బయటికి పోయేది మూత్రం దారిలోనే, పైగా అది ఒంట్లో నీరు పట్టేలా చేయగలదు. కాళ్ళ వాపు, గుండె దడ, కళ్ళు తిరగడం వస్తే ఆపి చూపించుకోవాలి.

మన ఉక్కపోతలో రాసే పద్ధతి

ఇక్కడ మందు పనిచేయకపోవడానికి మొదటి కారణం నూనె తల. జిడ్డు పొర మీద రాసిన ద్రావణం చర్మం దాకా సరిగా దిగదు. నూనె మానలేనివాళ్ళు వారానికి ఒకటి రెండుసార్లు తలంటుకి గంట ముందు పెట్టుకుని, కుంకుడు రసంతోనో షాంపూతోనో వదిలించి, తల పూర్తిగా ఆరాక రాత్రికి మందు రాసుకోవచ్చు. చుండ్రు ఉన్నవాళ్ళు రాత్రంతా నూనె ఉంచితే చుండ్రు పెరుగుతుంది, దానికి కారణమైన శిలీంధ్రం తినేది ఆ కొవ్వునే. వాళ్ళు 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడిగితే మాడు శుభ్రపడుతుంది. దానికి కొద్దిపాటి హార్మోను వ్యతిరేక గుణం కూడా ఉందని చిన్న పరీక్షలు చెబుతున్నాయి.

రాసేటప్పుడు జుట్టు మీద చల్లితే జుట్టుకే అంటుకుని ఆగిపోతుంది. పలచబడిన చోట నాలుగైదు పాపిళ్ళు తీసి, ఒక్కో పాపిడిలో చర్మం మీదే కొద్ది కొద్దిగా వదిలి, వేలికొనతో అద్దాలి. మొత్తం 1 మి.లీ., డ్రాపరు మీద గీత ఉంటుంది. స్ప్రే సీసా అయితే ఎన్నిసార్లు నొక్కితే 1 మి.లీ. అవుతుందో అట్ట మీద చూసుకోవాలి. పడుకోవడానికి రెండు గంటల ముందు రాయాలి, నాలుగు గంటల దాకా తల తడపకూడదు. రాసిన వెంటనే ఫ్యాను లేని చోట కూర్చుంటే చెమటతో కలిసి నుదుటి మీదికి కారుతుంది. ఆడవాళ్ళకి కణతల మీద నూగు వచ్చేది ఇలాగే. తండ్రులు వాడిన మినాక్సిడిల్ అంటుకుని పసిపిల్లల ఒంటిమీద వెంట్రుకలు మొలిచిన ఉదంతాలు స్పెయిన్‌లో నమోదయ్యాయి. ఆపాక తగ్గింది గానీ, ఆరని తలతో పిల్లల్ని ఎత్తుకోకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త, మినాక్సిడిల్ దానికి విషం.

దురద, పొట్టు లేస్తుంటే చాలాసార్లు తప్పు మందుది కాదు, అది కరిగించిన ప్రొపిలీన్ గ్లైకాల్‌ది. నురగ రూపంలో దొరికే దానికి మారితే సరిపోతుంది. సూదుల రోలర్ తిప్పిన రోజు మందు రాయకూడదు, గుచ్చిన దారుల్లోంచి నేరుగా లోపలికి ఎక్కుతుంది.

ఆడవాళ్ళకి పాపిడి వెడల్పయ్యే రకంలో 2 శాతం రోజుకి రెండుసార్లో, 5 శాతం నురగ రోజుకి ఒకసారో మినాక్సిడిల్ చాలు. ఫినాస్టరైడ్ కాన్పుల వయసులో వద్దు. మందుకన్నా ముందు రక్తహీనత, థైరాయిడ్, నెలసరి తేడా ఉంటే పీసీఓడీ చూపించుకోవాలి.

మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. పాత వెంట్రుకని కొత్తది తోసేయడం అది. ఇక్కడే సగం మంది సీసా పారేస్తారు. సంక్రాంతికి మొదలుపెట్టినవాడికి ఉగాది లోపే ఈ రాలుడు వచ్చిపోతుంది. ఆషాఢానికి ఆరు నెలలు, అప్పుడు మొదటిసారి పోల్చాలి. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాటికి తొమ్మిది నెలలు, మళ్ళీ సంక్రాంతికి ఏడాది, అప్పుడు తేల్చుకోవాలి. మానేస్తే వచ్చినదంతా కొద్ది నెలల్లో పోతుంది, ఇది రక్తపోటు మాత్రలాంటిదే.

పోల్చడానికి అద్దం పనికిరాదు, రోజూ చూసే కంటికి తేడా తెలియదు. మొదటి రోజే ఫోనుతో నాలుగు ఫొటోలు తీయించుకోవాలి: నుదురు, రెండు కణతలు, నడినెత్తి. తల ఆరి ఉండాలి, నూనె ఉండకూడదు, జుట్టు అంతే పొడవు కత్తిరించి ఉండాలి, అదే గది, అదే ట్యూబులైటు కింద. నూనె తలని పగటి వెలుతురులో తీసి, ఆరు నెలల తర్వాత పొడితలని రాత్రి లైటు కింద తీస్తే రెండింతల జుట్టు వచ్చినట్టే కనబడుతుంది. గోడల మీద అంటించే ముందు-తర్వాత బొమ్మలు చాలావరకు తీసేది అలాగే.